పావురాల కోసం దారం కట్టే ముందు ఆ డిస్కులో ఏముందో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న మీ ఆదివారం పేజీలో పాత సీడీలు డీవీడీలు ఏం చేసుకోవచ్చో చెప్తూ ఒక చిన్న ఐటమ్ వేశారు, దారం కట్టి బాల్కనీలో వేలాడదీస్తే ఎండకి తళతళలాడి పావురాలు దగ్గరికి రావు అని. ఐడియా మంచిదే, కాదనను, మా అపార్ట్‌మెంట్‌లో సగం బాల్కనీలకి అవే వేలాడుతుంటాయి. కానీ మీ ఐటమ్ చదివిన మా ఆవిడ అటక మీంచి దించిన అట్టపెట్టెలో నా సింప్సన్స్ నాలుగో సీజన్ బాక్స్ ఉందండి. నేను స్నానం చేసి వచ్చేసరికి నాలుగు డిస్కుల్లో ఒకదాని చిల్లులోంచి పురికొస దూర్చి ముడి కూడా వేసేసింది. "పదిహేనేళ్ళ నుంచి ముట్టుకోలేదుగా, ఇప్పుడేంటి ఇంత కంగారు" అంది. నిజమే, ముట్టుకోలేదు. అందుకే ఈ లెటర్.

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. సింప్సన్స్ అనేది అమెరికా బొమ్మల కామెడీ, అంటే కార్టూనే గానీ పిల్లల కార్టూన్ కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పసుప్పచ్చ రంగు మనుషులు, తండ్రి హోమర్ అణు విద్యుత్ ప్లాంట్‌లో పని చేస్తాడు, పని చేస్తాడు అనడం కూడా ఎక్కువే, తల్లి మార్జ్‌కి నీలం జుట్టు గోపురంలా పైకి లేచి ఉంటుంది, బార్ట్, లీసా, పాలపీక నోట్లోంచి తియ్యని మ్యాగీ అని ముగ్గురు పిల్లలు. మ్యాట్ గ్రేనింగ్ అనే ఆయన పుట్టించాడు, 1989 డిసెంబర్‌లో ఫాక్స్ చానల్లో మొదలై ఇంకా నడుస్తూనే ఉంది. మన డైలీ సీరియళ్ళు ఎన్ని వేల ఎపిసోడ్లు లాగినా ఏళ్ళ లెక్కలో దీని ముందు నిలబడలేవు. నేను చెప్పేది అందులో నాలుగో సీజన్ గురించి, 1992 సెప్టెంబర్ నుంచి 1993 మే దాకా వచ్చిన 22 ఎపిసోడ్లు. అల్ జీన్, మైక్ రీస్ అనే ఇద్దరు కలిసి నడిపారు. అభిమానులు ఏది బెస్ట్ సీజన్ అని కొట్టుకుంటుంటారు, నన్నడిగితే ఇదే, వాదన అనవసరం.

ఈ బాక్స్ 2004 జూన్‌లో రిలీజ్ అయింది. అప్పుడు నేను న్యూజెర్సీలో ఉన్నాను, నలుగురు తెలుగు బ్యాచిలర్లం ఒక రెండు బెడ్రూముల ఫ్లాట్‌లో, ప్రాజెక్ట్ ఉన్నవాడు లేనివాడి అద్దె కూడా కట్టే రోజులు. శుక్రవారం రాత్రి పప్పుచారు, ఆమ్లెట్, సింప్సన్స్. ఇంగ్లీష్ ఎంత చదువుకుని వెళ్ళినా అమెరికా వాడు ఎక్కడ నవ్వుతున్నాడో ఎందుకు నవ్వుతున్నాడో మొదట్లో అర్థం అయ్యేది కాదు, ఆఫీసులో అందరూ నవ్వాక అర సెకను ఆగి నవ్వడం అలవాటైపోయింది, ఆ అర సెకను పోగొట్టింది ఈ డిస్కులే అని ఇప్పటికీ అనుకుంటాను. 2010లో వెనక్కి వచ్చేటప్పుడు ప్రెషర్ కుక్కర్ వదిలేసి ఇది సూట్‌కేస్‌లో పెట్టుకున్నాను, ఆ కుక్కర్ విషయం ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

సరే పురికొస విప్పి, డిస్కు లుంగీ అంచుతో తుడిచి (అలా గుండ్రంగా తుడవకూడదు, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, తెలిసి కూడా గుండ్రంగానే తుడిచాను) పెడదామంటే ఎక్కడ పెట్టాలి? ఇంట్లో ప్లేయర్ లేదు, ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేదు. యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఒకటి కొన్నాను. పెట్టగానే రీజియన్ వేరు, ఆడదు అంది. మర్చిపోయానండి ఈ గోల. డీవీడీ కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలు చేసుకున్నాయి, అమెరికాది రీజియన్ 1, మనది రీజియన్ 5, అక్కడ డబ్బులిచ్చి కొన్న డిస్కు ఇక్కడ ఆడదు. కంప్యూటర్ డ్రైవ్‌లో అయితే రీజియన్ మార్చుకోవచ్చు గానీ మొత్తం జీవితంలో అయిదు సార్లే, అయిదోసారి ఎక్కడ ఆగితే ఇక అదే ఖాయం. దొంగ కాపీ కొన్నవాడికి ఇన్ని తిప్పలు లేవు, ఏ రీజియన్ అయినా టక్కున ఆడేది, సొంత డబ్బులతో కొన్నవాడికే శిక్ష. రీజియన్ 1కి మార్చేశాను, ఇంకా నాలుగు ఛాన్సులున్నాయి.

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, తన ఫోన్లో స్ట్రీమింగ్ యాప్‌లో ఈ షో అంతా ఉంది కదా నాన్నా, ఈ వైర్లేంటి అంది. అప్పుడు ఇద్దరం కలిసి ఒక పని చేశాం, అదే నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి.

నాలుగో సీజన్లో డఫ్‌లెస్ అని ఒక ఎపిసోడ్ ఉంది, 1993 ఫిబ్రవరిది. హోమర్ ఎప్పుడూ తాగే బీరు పేరు డఫ్. ఆఫీసు ఎగ్గొట్టి, తాగుబోతు ఫ్రెండు బార్నీతో కలిసి డఫ్ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్తాడు. అక్కడ మూడు పెద్ద పెద్ద ట్యాంకులు, ఒకదాని మీద డఫ్, ఒకదాని మీద డఫ్ లైట్, ఇంకోదాని మీద డఫ్ డ్రై అని రాసుంటుంది. పైన చూస్తే మూడింటిలోకీ ఒకే గొట్టం నుంచి ఒకే సరుకు పడుతుంటుంది. ఎవరూ ఏం మాట్లాడరు, ఎవరూ వేలు పెట్టి చూపించరు, కెమెరా కూడా ఆగదు, చూసినవాడికి చూసినంత. మన ఊళ్ళో ఒకే బావి నీళ్ళు మూడు రకాల లేబుళ్ళ బాటిళ్ళలో పోసి అమ్మితే ఎలా ఉంటుందో అదీ జోక్.

ఈ షో మొదటి ఇరవై ఏళ్ళు పాత టీవీ కొలతలో తీశారు, దాదాపు చదరంగా ఉండే 4:3. వెడల్పు బొమ్మకి మారింది 2009లో. డిస్నీ వాళ్ళు 2019లో ఫాక్స్ ఆస్తులు కొనుక్కుని అదే నవంబర్‌లో డిస్నీ ప్లస్ అనే స్ట్రీమింగ్ యాప్ మొదలుపెట్టినప్పుడు పాత ఎపిసోడ్లన్నీ ఇప్పటి వెడల్పు టీవీలకి సరిపోయేలా పైనా కిందా కోసేసి పెట్టారు. కోస్తే ఏం పోయిందో తెలుసా, ఆ గొట్టం పోయింది. ట్యాంకులున్నాయి, పేర్లున్నాయి, పైన గొట్టం లేదు. అంటే జోకు లేదు, మూడు ట్యాంకులు మాత్రమే ఉన్నాయి. జనం గోల చేశారు, ఈ గొట్టం బొమ్మే పక్కపక్కన పెట్టి తిట్టారు, 2020 మే ఆఖరికి పాత కొలతలో చూసుకునే ఆప్షన్ పెట్టారు. పెట్టారు గానీ అది సెట్టింగుల్లోకి వెళ్ళి మనం మార్చుకుంటేనే. మా అమ్మాయి ఫోన్లో గొట్టం లేదు, నా డిస్కులో ఉంది. రెండూ పక్కన పెట్టి చూపిస్తే మూడు సార్లు వెనక్కి తిప్పి చూసింది, "ఇదేంటి నాన్నా, నేను ఈ సీన్ చూశాను, ఇక్కడ నవ్వాలని కూడా తెలీదు నాకు" అంది. ఆ ముక్కకి నా యూఎస్‌బీ డ్రైవ్ డబ్బులు వచ్చేశాయి.

అదే ఎపిసోడ్లో మార్జ్ మొగుణ్ణి నెల రోజులు తాగుడు మానమంటుంది, తాగి కారు నడుపుతూ పోలీసులకి దొరికాక. అది అమెరికాలో నవ్వులాటగా వచ్చిన సీజన్ నడుస్తుండగానే ఇక్కడ నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లాలు దాటేసింది, ఆడవాళ్ళు సారా వేలంపాటలు సాగనివ్వలేదు. రెంటికీ సంబంధం లేదులెండి, ఏళ్ళు కలిశాయని గుర్తొచ్చింది.

మీరు అనొచ్చు ఒక గొట్టం కోసం ఇంత లెటరా అని. గొట్టం ఒక్కటే అయితే రాయను. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్లో తనని తాను మైకేల్ జాక్సన్ అనుకునే ఒక భారీకాయం మనిషి ఉంటాడు, ఆ మాటలు చెప్పింది నిజంగా మైకేల్ జాక్సనే, టైటిల్స్‌లో వేరే పేరు వేశారు. 2019లో జాక్సన్ పిల్లల్ని లైంగికంగా వేధించాడన్న ఆరోపణలతో ఒక డాక్యుమెంటరీ వచ్చాక షో వాళ్ళు ఆ ఎపిసోడ్ తీసేశారు, డిస్నీ ప్లస్‌లో మొదటి రోజు నుంచీ లేదు. తీసెయ్యడం కరెక్టా కాదా అనేది వేరే చర్చ, నాకైతే వాళ్ళ బాధ అర్థమైంది. కానీ 2003లో వచ్చిన మూడో సీజన్ డిస్కు కొన్నవాడి ఇంటికొచ్చి దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేరు. చందా కట్టినవాడిది అద్దె ఇల్లు, ఓనరు వచ్చి గోడ కొట్టేసినా అడిగే హక్కు లేదు.

ఇక్కడే మా ఇంట్లో గొడవ మొదలైంది, అపు దగ్గర. అపు అంటే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో క్విక్-ఈ-మార్ట్ అనే చిల్లర కొట్టు నడిపే ఇండియన్, ఇంటిపేరు నహసపీమపెటిలోన్, అలాంటి ఇంటిపేరు ఈ భూమ్మీద ఏ జిల్లాలోనూ లేదు. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లాయన, మనవాళ్ళ యాసని వెక్కిరించినట్టు. వచ్చిన ప్రతివాడికీ థాంక్యూ, మళ్ళీ రండి అంటాడు. న్యూజెర్సీలో పెట్రోల్ బంకు పక్క కొట్లో పాలు కొనుక్కుని బయటికొస్తుంటే కార్లో కూర్చున్న కుర్రాళ్ళు నన్ను చూసి అదే మాట అదే యాసలో అరిచారు ఒకసారి. నేను కొనేవాణ్ణిరా అమ్మేవాణ్ణి కాదు అని కూడా తోచలేదు అప్పుడు, నవ్వేసి వచ్చేశాను. ఇంటికొచ్చి మళ్ళీ ఇదే షో పెట్టుకుని నవ్వాను, ఆ రెండూ ఎలా కుదిరాయో నాకిప్పటికీ తెలీదు.

2017లో హరి కొండబోలు అనే కమెడియన్ దీని మీదే డాక్యుమెంటరీ తీశాడు, న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన మన తెలుగు కుటుంబం అబ్బాయి. ఈ ఒక్క బొమ్మ వల్ల తన తరం పిల్లలు స్కూల్లో ఎన్ని మాటలు పడ్డారో చెప్పాడు. దానికి షో 2018లో ఒక ఎపిసోడ్లో లీసా చేత సమాధానం చెప్పించింది, అప్పట్లో ఎవరికీ తప్పనిపించనిది ఇప్పుడు తప్పైతే ఏం చేస్తాం అన్న టైపులో. అది చాలా పేలవమైన సమాధానం, ఈ షోని ప్రేమించేవాడిగా సిగ్గనిపించింది. తర్వాత 2020లో అజారియా ఆ గొంతు మానేశాడు, 2021లో క్షమాపణ కూడా చెప్పాడు.

మా అమ్మాయిదంతా కొండబోలు పార్టీ. "నిన్ను కారులోంచి వెక్కిరించిన డైలాగ్ ఉన్న డిస్కుని లుంగీతో తుడుస్తున్నావు నాన్నా" అంది. దెబ్బ సూటిగానే తగిలింది. అప్పుడు నాలుగో సీజన్లోనే ఇంకో ఎపిసోడ్ పెట్టాను, హోమర్ ద హెరెటిక్ అని, 1992 అక్టోబర్‌ది. హోమర్ చలికి బద్ధకించి ఆదివారం చర్చి ఎగ్గొట్టి, ఇక చర్చే వద్దు నా మతం నాది అంటాడు. అపు కొట్లో వినాయకుడి బొమ్మ చూసి వేరుశనగ గింజ పెట్టబోతాడు, నా దేవుడికి వేరుశనగ గింజలు పెట్టకండి అంటాడు అపు. ఆఖర్లో చుట్ట తాగుతూ నిద్రపోయి ఇల్లు అంటించుకుంటే మంటలార్పడానికి వచ్చిన వాలంటీర్లలో అపు కూడా ఉంటాడు. అప్పుడు ఆ చర్చి పాస్టర్ గారు దేవుడు నీ ఇరుగుపొరుగు మనసుల్లో ఉండి నిన్ను కాపాడాడు, వాళ్ళు క్రిస్టియన్ అయినా, యూదు అయినా, అని అపు వైపు చూసి, ఇతరములు అయినా అంటాడు. మన అప్లికేషన్ ఫారాల్లో ఆఖరి గడి చూడండి, అచ్చం అదే. అపు ఊరుకోడు, హిందూ అండి, 70 కోట్ల మందిమి ఉన్నాం అంటాడు. దానికి పాస్టర్ చిన్నపిల్లాడు బొమ్మ గీసి చూపిస్తే అన్నట్టు ఓహో భలే అంటాడు.

ఇక్కడ నవ్వు ఎవరి మీద? పాస్టర్ మీదే కదా. అదే సీజన్లో మార్జ్ ఇన్ చెయిన్స్ అనే దాంట్లో అపుని కోర్టులో నీ జ్ఞాపకశక్తి ఎంత అని అడిగితే లెక్కల్లో వచ్చే పై (π) విలువ 40,000 అంకెల దాకా చెప్పగలను, ఆఖరి అంకె 1 అంటాడు. అంటే రాసినవాళ్ళకి అపు తెలివైనవాడు, ఊళ్ళో మిగతావాళ్ళే మొద్దులు. రాతలో గౌరవం ఉంది, గొంతులో వెక్కిరింత ఉంది, రెండూ ఒకే బొమ్మలో. మా అమ్మాయి ఒప్పుకోలేదు, "కార్లో వాడికి 40,000 అంకెలు గుర్తులేవు నాన్నా, యాసే గుర్తుంది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ గొడవ పడాలంటే ఆ ఎపిసోడ్ ఉన్నది ఉన్నట్టు మా ముందు ఉండాలి కదా? రేపు ఎవడో మంచికే అనుకుని ఆ సీన్లు కోసేస్తే కొండబోలు దేని మీద అరిచాడో కూడా తర్వాతి పిల్లలకి తెలీదు.

ఇంకా మోనోరైల్ ఎపిసోడ్ గురించి రాయకపోతే నన్ను నేను క్షమించుకోలేను, కానన్ ఓబ్రయన్ రాశాడు, తర్వాత పెద్ద టీవీ హోస్ట్ అయ్యాడు. ప్లాంట్ ఓనరు బర్న్స్ అణు చెత్త పార్కులో పారబోసి దొరికి 30 లక్షల డాలర్ల జరిమానా కడతాడు, ఆ డబ్బులతో ఏం చేద్దామని ఊరంతా మీటింగ్ పెట్టుకుంటారు. మార్జ్ పాపం గుంటలు పడ్డ మెయిన్ రోడ్డు వేయిద్దాం అంటుంది, అందరూ సరే అనబోతుండగా ఎక్కడి నుంచో టోపీవాలా ఒకడు ఊడిపడి పాట పాడి మోనోరైల్, అంటే ఒకే పట్టా మీద నడిచే రైలు, అంటగట్టేస్తాడు. ఆ మీటింగ్ చూస్తుంటే పేర్లు చెప్పను గానీ మన పక్క ఎన్ని శంకుస్థాపనలు గుర్తొచ్చాయో, రోడ్డు గుంటలు మాత్రం అక్కడా అలాగే ఉన్నాయి ఇక్కడా అలాగే ఉన్నాయి. ఇందులో స్టార్ ట్రెక్ అనే పాత అంతరిక్షం సీరియల్ నటుడు లెనార్డ్ నిమోయ్ తనలాగే వస్తాడు. మొదట ఆ సీరియల్లోనే చేసిన జార్జ్ టకేని అడిగితే, ఆయన అంతకుముందు లాస్ ఏంజెలస్ వైపు సిటీ రవాణా బోర్డులో పని చేసినవాడు, ప్రజా రవాణాని ఎగతాళి చెయ్యను అని వద్దన్నాడట. ఎంత పద్ధతైన మనిషో చూడండి.

ఇలాంటి కబుర్ల కోసమే డిస్కు. 22 ఎపిసోడ్లకీ వెనక కామెంటరీ ట్రాక్ ఉంది, రాసినవాళ్ళు డైరెక్ట్ చేసినవాళ్ళు కూర్చుని చూస్తూ మాట్లాడుకుంటారు. పెళ్ళి వీడియో చూస్తూ మేనమామలు మాట్లాడుకున్నట్టే ఉంటుంది, ఒకడు చెప్తుంటే ఇంకొకడు అడ్డం, మధ్యలో అసలు సీన్ అయిపోతుంది. మా అమ్మాయికి ఇది బోర్ కొట్టి పది నిమిషాల్లో లేచి వెళ్ళిపోయింది, నేను మాత్రం రాత్రి ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

బొమ్మ క్వాలిటీ గురించి అబద్ధం చెప్పను, ఫోన్లో చూసిన దానికంటే మసగ్గానే ఉంది, పెద్ద టీవీలో పెడితే ఇంకా కనిపిస్తుంది. అప్పట్లో ప్లాస్టిక్ షీట్ల మీద చేత్తో రంగులేసి ఫోటో తీసేవాళ్ళు, చాలావరకు గీత పని దక్షిణ కొరియాలో జరిగేది, కంప్యూటర్ రంగులకి పూర్తిగా మారింది పద్నాలుగో సీజన్ నుంచి. అందుకే అక్కడక్కడా దుమ్ము చుక్క కనిపిస్తుంది, హోమర్ చొక్కా తెలుపు షాట్ షాట్‌కీ కొంచెం మారుతుంది. నాకు అదీ బాగుంది, గోడ మీద చేత్తో వేసిన సినిమా పోస్టర్ దగ్గరికెళ్ళి చూసినట్టు.

మొత్తం సీజన్లు ఇలా కొనుక్కుందాం అనుకునేవాళ్ళకి ఒక మాట, కుదరదు. డిస్కులు పంతొమ్మిదో సీజన్ దాకా వచ్చాయి, మధ్యలో వరస తప్పి ఇరవయ్యోది ముందే 2010లో ఒకటి వచ్చింది, 2019 తర్వాత కొత్తవి కనపళ్ళేదు. మిగతావన్నీ అద్దె ఇంట్లోనే చూడాలి.

కాబట్టి ఎడిటర్ గారూ, ఈసారి ఆ పావురాల చిట్కా వేసేటప్పుడు పక్కన ఒక లైను కలపండి, కట్టే ముందు డిస్కు మీద పేరు చదవమని. ఎవరి ఇంట్లో ఏ పాత నాటకం, ఏ హరికథ, ఏ తాతగారి షష్టిపూర్తి వీడియో ఉందో, మళ్ళీ ఎక్కడా దొరకనిది. మా బాల్కనీకి మాత్రం ప్రింటర్ కొన్నప్పుడు ఇచ్చిన డ్రైవర్ సీడీలు నాలుగు కట్టాం. రెండ్రోజులు పావురాలు రాలేదు, మూడో రోజు నుంచి వాటి మీదే వాలుతున్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ